రెండు గంటల దూరం

బిడ్డ ఏడుపు వినబడగానే పురిటిగది బయట కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. ఆడబిడ్డా, మగబిడ్డా అని అడుగుతారు. ఫోన్లు మొదలవుతాయి. లోపల మాత్రం కాన్పు ఇంకా పూర్తి కాలేదు. మాయ రావాలి. పాతకాలపు మంత్రసానినడిగినా, పీహెచ్‌సీ నర్సమ్మనడిగినా, పెద్దాసుపత్రి డాక్టరునడిగినా తల్లికి అసలు గండం బిడ్డ పుట్టిన తర్వాతి గంటలోనే అంటారు.

ఎందుకో చూద్దాం. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల నెత్తురు పారుతుంది. మాయ ఊడిన చోట జానెడు వెడల్పున రక్తనాళాల నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాటిని మూయగలిగేది గర్భసంచి కండరమొక్కటే. దాని పోగులు నులకమంచం అల్లికలా ఒకదాని మీదుగా ఒకటి ఐమూలగా అల్లుకుని ఉంటాయి. నాళాలు ఆ సందుల్లోంచి వెళతాయి. బిడ్డ బయటికి వచ్చాక కండరం బిగుసుకుంటే ప్రతి సందూ మూసుకుని నాళాలు నొక్కుకుపోతాయి. అందుకే కాన్పు చేసినవాళ్ళు పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూస్తారు. గట్టిగా గుండ్రంగా తగిలితే ఊరట. మెత్తగా తగిలితే ఆ క్షణం నుంచి ప్రతి నిమిషమూ విలువైనదే.

ప్రజారోగ్య నిపుణులు చాలా కాలం కిందటే ఒక లెక్క వేశారు. కాన్పు తర్వాత మొదలైన రక్తస్రావానికి వైద్యం అందకపోతే ప్రాణం పోవడానికి సగటున పట్టే సమయం రెండు గంటలు. గుర్రపువాతానికి రెండు రోజులు, బిడ్డ దారిలో ఇరుక్కుని కాన్పు నిలిచిపోతే మూడు రోజులు, పురిటి జ్వరానికి ఆరు రోజులు. మిగతా గండాలన్నీ ఎంతో కొంత గడువిస్తాయి. నెత్తురు పోవడం మాత్రం ఇవ్వదు.

ఇప్పుడు పశ్చిమ ప్రకాశం పటం ముందేసుకుందాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లాలోవి. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడడంతో ఈ మెట్ట తాలూకాలన్నీ సముద్రానికి దగ్గరున్న ఊరి వైపు తిరగాల్సి వచ్చింది. ఆ జిల్లా పెద్దాసుపత్రి అక్కడ. మార్కాపురం నుంచి వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, గిద్దలూరు నుంచి 140 దాకా. గిద్దలూరుకు నంద్యాలే దగ్గర, కానీ మధ్యలో నల్లమల ఘాటు ఉంది. మార్కాపురం కేంద్రంగా వేరే జిల్లా కావాలని ఇక్కడి జనం ఏళ్ళ తరబడి అడగడంలో ఈ దూరానిది పెద్ద పాలు. వంద కిలోమీటర్ల రోడ్డు మీద అంబులెన్సుకు ఎంత లేదన్నా రెండు గంటలు పడుతుంది. అంటే గర్భసంచి గడియారమూ ఒంగోలు రోడ్డూ సరిగ్గా సమానం. పల్లె నుంచి రోడ్డెక్కేదాకా పట్టిన సమయం ఈ లెక్కలోకి రాలేదు.

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలను మూడు ఆలస్యాలుగా విడదీసి చూపారు. ఆసుపత్రికి పోవాలని ఇంట్లో తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరిన తర్వాత వైద్యం మొదలవడంలో ఆలస్యం. మన ప్రభుత్వాల శ్రమ ఎక్కువగా మొదటి రెండింటి మీదే సాగింది, ఫలితమూ దక్కింది. 2001-03 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 46. 2005లో జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లో 108 మొదలైంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే వేళకు రాష్ట్రంలో నూటికి 96 పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. దీనికి ముందు ఇంకో విజయం ఉంది, దాన్ని మనం తగినంతగా చెప్పుకోలేదు. బొడ్డు కోసిన బ్లేడు నుంచీ, బొడ్డు మీద రాసిన మన్నూ పేడ నుంచీ పసిబిడ్డకు సోకే ధనుర్వాతాన్ని అదుపు చేసినట్టు దేశంలో మొట్టమొదట నిర్ధారణ అయిన రాష్ట్రం మనదే, 2003లో. ఆ పని గర్భిణులకు టీకాలేసిన ఏఎన్‌ఎంలది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం అని నేర్చుకుని పాటించిన ఊరి మంత్రసానులది కూడా.

మూడో ఆలస్యం మిగిలింది. దాని పక్కనే మనం ఎదురుచూడని కొత్త సమస్య ఒకటి పుట్టుకొచ్చింది, తొందర. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు కోతతో జరిగినవే. ప్రభుత్వాసుపత్రుల్లో 26.6, ప్రైవేటులో 63. తెలంగాణలో అన్నీ కలిపి 60.7. దేశం మొత్తానికి 21.5. ఒక ప్రాంతపు జనాభాలో నూటికి పది దాటిన తర్వాత కోతలు పెరిగినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ముహూర్తం పెట్టుకుని కోయించుకోవడం మన రెండు రాష్ట్రాల్లో మామూలైంది. ముహూర్తం లేని చోట ఇంటివాళ్ళకు వినబడే మాటలు కొన్నే. ఉమ్మనీరు తగ్గింది, బిడ్డ ఉమ్మనీరు తాగుతుంది, మెడకు పేగు చుట్టుకుంది. వీటిలో కొన్నిసార్లు నిజమైన అపాయం ఉంటుంది, అప్పుడు కోత ప్రాణదానమే. కానీ మెడకు పేగు చుట్టుకోవడం నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉండేదే. చాలామంది మామూలుగానే పుడతారు, తలకాయ బయటికొచ్చాక మిడ్‌వైఫ్ ఆ పేగును వేలితో తప్పిస్తుంది. ఈ సంగతి ఇంటివాళ్ళకు చెప్పే మనిషి ఆ సమయంలో పక్కన ఉండదు.

కోత అక్కడితో ముగిసిపోదు. తర్వాతి కాన్పులో మాయ పాత మచ్చ మీద అతుక్కుని ఊడకపోయే ముప్పు, ఆపరేషన్ల సంఖ్యతో పాటు పెరుగుతూ పోతుంది. ఆపరేషన్ థియేటరుకు వంద కిలోమీటర్ల దూరంలో బతికే స్త్రీకి, అవసరం లేకుండా పడిన మచ్చ పట్నం స్త్రీకంటే ఎక్కువ బరువు. అర్ధవీడు కొండ పక్క పల్లెలో చేయి అందక చనిపోయే తల్లి, ఊళ్ళో అక్కరలేని కోత పడిన తల్లి ఒకే ప్రాంతంలో ఉన్నారు. ఇద్దరికీ కొరవడింది ఒకే మనిషి. మామూలు కాన్పును మామూలుగా జరగనిచ్చే ఓపికా, అది గాడి తప్పిన నిమిషాన్ని పసిగట్టే నేర్పూ రెండూ ఉన్న మిడ్‌వైఫ్.

అలాంటి మనిషి మనకు లేకుండా పోలేదు, మనమే పోగొట్టుకున్నాం. ఏఎన్‌ఎం అన్న మూడక్షరాల్లో చివరిది మిడ్‌వైఫ్‌దే. మొదట్లో ఆమె చదువు రెండేళ్ళు, అందులో పెద్ద భాగం కాన్పుల మీదే. 1970లలో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసుల తర్వాత ఆమెను బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తను చేశారు. 1977లో చదువును ఏడాదిన్నరకు కుదించారు, కాన్పుల పాలు తగ్గింది. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, సర్వేలు, రిజిస్టర్లు మీద పడ్డాయి. ఇవాళ చాలా సబ్‌సెంటర్లలో కాన్పు జరగదు. చెయ్యి తిరగడానికి కాన్పులు లేవు. చెయ్యి తిరగదు కనుక కాన్పులు చేయడానికి ధైర్యమూ లేదు.

వేరే దారిలో ఎంత దూరం పోవచ్చో చూడటానికి స్వీడన్‌ను తలుచుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దపు స్వీడన్ పేద దేశం. అడవులు, మంచు, దూరదూరంగా విసిరేసినట్టున్న పల్లెలు. అక్కడ పల్లెలకు చదువుకున్న మిడ్‌వైఫ్‌లను పంపారు. 1829లో, అత్యవసరమైతే పటకార్ల లాంటి పరికరాలు కూడా వాడే హక్కు వాళ్ళకిచ్చారు. 1751 నాటికి లక్షకు దాదాపు 900 ఉన్న తల్లుల మరణాలు 1900 నాటికి 230కి తగ్గాయి. అప్పటికి పెన్సిలిన్ లేదు, రక్తమార్పిడి లేదు, భద్రమైన ఆపరేషన్ లేదు. దగ్గరున్న మనిషికి నేర్పూ అధికారమూ ఇవ్వడం వల్ల చాలా ప్రాణాలు నిలిచాయి.

కాన్పుల భవిష్యత్తు ఎలా ఉండాలని మిడ్‌వైఫ్‌లనే అడిగితే ఏమంటారు? వైట్ రిబ్బన్ అలయన్స్ అనే సంస్థ అడిగింది. 101 దేశాల నుంచి 56 వేల మందికి పైగా మిడ్‌వైఫ్‌లు జవాబిచ్చారు, నివేదిక 2022లో వచ్చింది. అన్నిటికంటే పైన నిలిచిన కోరిక, తమ పక్కన పనిచేయడానికి ఇంకా మనుషులు కావాలని, వాళ్ళకు తగిన ఆసరా ఉండాలని. ఇదే సంస్థ అంతకుముందు పన్నెండు లక్షల మంది స్త్రీలనడిగితే మొదటి కోరిక మర్యాద, రెండోది నీళ్ళూ శుభ్రతా. ఈ జవాబులు చదివితే నాకు మార్కాపురం కళ్ళ ముందు నిలుస్తుంది. ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఎదురుచూసే పల్లెల్లో పెరిగిన అమ్మాయి పురిటిగదిలో ధారాళంగా నీళ్ళు కోరుకోదా? ముప్పై మందిలో ఒకతెగా, పేరు కూడా తెలియని చోట నొప్పులు పడే పిల్ల, తల నిమిరే చెయ్యి కోరుకోదా?

ఆ కోరికల వెంట మనమూ కాసేపు ఊహిద్దాం. మార్కాపురం ప్రభుత్వాసుపత్రి, ఇంకో పదేళ్ళ తర్వాత. ఆపరేషన్ థియేటరుకు నాలుగడుగుల దూరంలో మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు విభాగం. అక్కడ కాళ్ళు పైకెత్తి కట్టే ఇనుప బల్ల లేదు. వెడల్పాటి మంచం, పట్టుకుని వేలాడడానికి పైనుంచి ఒక గుడ్డ, కూర్చోవడానికి చిన్న పీట, నడవడానికి వరండా. తర్లుపాడు నుంచి వచ్చిన తొలిచూలు పిల్ల వరండాలో నడుస్తోంది. వెంట వచ్చిన అత్తకు దిగులు.

“ఏంది సిస్టరమ్మా, నొప్పులొస్తా ఉంటే పిల్లను పడుకోబెట్టకుండా నడిపిస్తుండావు?”

“నడిస్తేనే బిడ్డ కిందికి దిగుద్ది పెద్దమ్మా. నువ్వూ ఆ పక్క పట్టుకో.”

సిస్టరమ్మ మాట వెనక కొలతలున్నాయి. మొదటి దశలో పడుకోకుండా నిటారుగా, నడుస్తూ ఉన్నవాళ్ళకు నొప్పుల కాలం సగటున గంటకు పైగా తగ్గినట్టు అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. కుంగినప్పుడు కటి ఎముకల దారి కాస్త వెడల్పవుతుంది. వెల్లకిలా పడుకుంటే గర్భం బరువు వెన్ను పక్కనుండే పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకు చేరే నెత్తురు తగ్గుతుంది. అత్త పక్కన ఉండడం కూడా వైద్యమే. నొప్పులను నడిపేది మెదడు నుంచి వచ్చే ఆక్సిటోసిన్ అనే హార్మోను. భయం, సిగ్గు, అదిలింపు అడ్రినలిన్‌ను పెంచి దాని పనికి అడ్డుపడతాయి. తెలిసిన మనిషి చివరిదాకా పక్కనున్న స్త్రీలలో మామూలు కాన్పులు ఎక్కువ, కోతలు తక్కువ. కాన్పు వేళ ఒక తోడు మనిషిని గదిలోకి అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఒకే గదిలో వరసగా బల్లలు వేసి మధ్య తెర కూడా లేని చోట ఆ తోడును ఎక్కడ నిలబెడతాం? మర్యాద కావాలంటే గది కట్టడం మారాలి.

ఇక సమయం సంగతి. 1955లో న్యూయార్క్‌లో ఫ్రీడ్‌మన్ అనే వైద్యుడు 500 మంది తొలిచూలు స్త్రీల నొప్పులను గీతల్లో గీశాడు. గంటకు ఒక సెంటీమీటరైనా గర్భద్వారం తెరుచుకోవాలన్న నియమం ఆ గీతల నుంచి పుట్టి ప్రపంచమంతా పాకింది. 1972లో రొడీషియాలో ఫిల్‌పాట్, కాసిల్ దాన్ని పల్లె మిడ్‌వైఫ్‌లు కూడా వాడగల పటంగా మలిచారు. దూరపు ఆసుపత్రికి ఎవరిని ఎప్పుడు పంపాలో తేల్చే పటం అది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ గీత దాటిన ప్రతి స్త్రీకీ ఏదో ఒకటి చేయాలన్న తొందరనూ తెచ్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సరిదిద్దింది. అసలు నొప్పులు ఐదు సెంటీమీటర్ల నుంచి లెక్కించాలి, గంటకు ఒక సెంటీమీటరు కంటే నెమ్మదిగా తెరుచుకున్నా తల్లీబిడ్డా బాగుంటే ఆగవచ్చు. 2020లో వచ్చిన కొత్త కాన్పు పత్రంలో బిడ్డ గుండె, తల్లి నాడితో పాటు తోడు ఉందా, నీళ్ళు తాగిందా, ఏ భంగిమలో ఉంది అన్నవీ రాయాలి. ఆగడం నేర్పుకు సంబంధించిన పని. చేతిలో ఇద్దరు ముగ్గురు తల్లులుంటేనే ఆగగలరు, పదిమంది ఉంటే కుదరదు. మనుషులు కావాలని 56 వేల మంది అడిగినదానికి అర్థం అదే.

ఆగలేనప్పుడు చాలాచోట్ల జరిగేది సెలైన్లో ఆక్సిటోసిన్ కలిపి ఎక్కించడం. కాన్పు తర్వాత ప్రాణం నిలిపే ఈ మందే కాన్పుకు ముందు కొలత తప్పితే గర్భసంచిని చీల్చగలదు, నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా చేసి బిడ్డను ఉక్కిరిబిక్కిరి చేయగలదు. మందుల పెట్టెలో దీనంత మంచిదీ దీనంత ప్రమాదకరమైనదీ ఇంకోటి లేదు.

మన ఊహలోని పిల్లకు బిడ్డ పుట్టింది. బొడ్డు వెంటనే కోయరు, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగుతారు. మాయలో మిగిలిన నెత్తురు బిడ్డకు చేరుతుంది, నెలల తరబడి ఇనుము కొరత రాకుండా అదే కాపు. తల్లి నడుము కింద గరాటు ఆకారంలో సంచి ఉన్న పలచటి ప్లాస్టిక్ గుడ్డ పరుస్తారు, దాని మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. ఈ సాదా వస్తువుకు పుట్టిల్లు మన పొరుగునే ఉంది. కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో 2002 నుంచి 2005 దాకా జరిగిన పెద్ద పరిశోధన కోసం దాన్ని తయారుచేశారు. కంటితో చూసి వేసే అంచనా, సంచిలో కొలిచినదానికంటే మూడో వంతు తక్కువ ఉంటోందని అక్కడ తేలింది. అసలు పరిశోధన మందు గురించి. కాన్పు చేసే ఏఎన్‌ఎంలు 600 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మాత్రలు ఇస్తే, ఎక్కువ రక్తస్రావం నూటికి 12 మంది నుంచి 6.4కి తగ్గింది. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. ఆ మాత్రలిచ్చినవాళ్ళు మన అర్ధవీడు, రాచర్ల సబ్‌సెంటర్లలో పనిచేసేవాళ్ళలాంటి ఏఎన్‌ఎంలే.

ఈ గుడ్డకు మిగతా మందులను జతచేసి కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలలో పరీక్షించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. నెత్తురును కొలిచి, గీత దాటగానే కడుపు మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, కారణం వెతకడం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎదురుచూడకుండా ఒకేసారి చేశారు. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. ఆ గదుల్లో ఇవన్నీ మొదలుపెట్టింది ఎక్కువగా మిడ్‌వైఫ్‌లే. మొదటి పది పదిహేను నిమిషాల్లో ఇవి జరిగితే రెండు గంటల గడువు పొడుగవుతుంది. ఒంగోలు దూరమే అయినా, అందుతుంది.

మందులకు మన ఎండ కూడా శత్రువే. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో కరెంటు పోయిన పీహెచ్‌సీలో అది ఎన్నాళ్ళు సారం నిలుపుకుంటుంది? వేడికి చెడని కార్బెటోసిన్ అనే మందును మన దేశంతో కలిపి పది దేశాల్లో దాదాపు 30 వేల మందిలో పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తస్రావం నివారించడంలో ఆక్సిటోసిన్‌కు ఏమాత్రం తీసిపోదు, 30 డిగ్రీల వేడిలో మూడేళ్ళు చెడదు. పశ్చిమ ప్రకాశంలోని ప్రతి కాన్పు గదిలో ముందుగా చేరాల్సిన వస్తువుల్లో దీన్ని నేను మొదటి వరసలో పెడతాను.

ఇంతా చేసి నెత్తురు ఎంత పోయిందన్నది సగం లెక్క. ఎంత ఉందన్నది మిగతా సగం. ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా, 53.7 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బలంగా ఉన్న స్త్రీ తట్టుకునే నష్టాన్ని వీళ్ళు తట్టుకోలేరు. ఇక్కడ పశ్చిమ ప్రకాశానికి తనదైన చిక్కు ఒకటుంది, అది బోరునీళ్ళు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట వివరంగా నమోదు చేసింది 1937లో, షార్ట్ అనే వైద్యుడు, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇవాళ్టి పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. వంగిపోయిన నడుములూ గారపట్టిన పళ్ళూ అందరికీ కనబడతాయి. కనబడనిది పేగులో జరుగుతుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే పేగు లోపలి నూగును ఫ్లోరైడ్ దెబ్బతీస్తుందని, ఐరన్ మాత్రలు వేసుకున్నా ఒంటికి పట్టకపోవడానికి అదొక కారణమని దశాబ్దాలుగా ఫ్లోరోసిస్ మీద పనిచేసిన ఎ.కె. సుశీల చెప్పారు. ఢిల్లీలో గర్భిణుల నీళ్ళూ తిండీ మార్చి ఫ్లోరైడ్ తగ్గిస్తే రక్తం పెరిగినట్టు ఆమె బృందం 2010లో ప్రచురించింది. మాత్రలు మింగడం లేదని ఆడపిల్లను తిట్టే ముందు, ఆమె ఏ నీళ్ళతో వాటిని మింగుతోందో చూడాలి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు కాలువల్లో పారడమంటే ఇక్కడి రైతుకు పంట. ఆ నీళ్ళు శుద్ధి అయి కుళాయిల్లోకి వస్తే బాలింత ప్రాణానికీ అదొక కాపు.

ఊహలో యంత్రాలకూ చోటుంది. కడుపు మీద స్కానింగ్ పరికరాన్ని ఊరికే అటూ ఇటూ జరిపితే చాలు, బొమ్మ చదవడం రాకపోయినా నెలలెన్నో కంప్యూటరే చెప్పే పద్ధతిని జాంబియా, అమెరికా పరిశోధకులు 2022లో ప్రకటించారు. జేబులో పట్టే పరికరం. పెళ్ళి వయసు రాకుండానే తల్లులై, నెలసరి తేదీలు చెప్పలేని పిల్లలకు ఇది ఎంత ఉపకారమో! ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పైగా 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. కానీ 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నమోదైన కేంద్రాల్లో, అర్హతలున్న వైద్యులే స్కాన్ చేయాలి. ఆ చట్టం పుట్టిన కారణం ఇంకా సమసిపోలేదు, దాన్ని సడలించమని నేననను. బొమ్మను చూపకుండా నెలలూ, బిడ్డ తలకిందులుగా ఉందా లేదా అన్న సంగతీ మాత్రమే చెప్పే యంత్రాన్ని మిడ్‌వైఫ్ చేతికివ్వడానికి చట్టంలో వేరే దారి తెరవవచ్చు. ఇలాంటి తర్కాన్ని ఢిల్లీలో వాదించే చోట పల్లెలో పనిచేసిన మిడ్‌వైఫ్ కూర్చుని ఉండాలి.

అందుకు చట్టం ఆసరా ఇప్పుడుంది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. అప్పటికే నర్సు చదివి అనుభవమున్నవాళ్ళకు పద్దెనిమిది నెలల అదనపు శిక్షణ, తర్వాత మిడ్‌వైఫ్‌లే నడిపే విభాగాల్లో నియామకం. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. తెలుగు నేల మీద ఈ దారి అంతకుముందే వేసినవాళ్ళున్నారు. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లోనే మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఆ సంస్థ కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు శిక్షణ ప్రారంభించాయి. కోతలు దేశంలోనే అత్యధికంగా ఉన్న రాష్ట్రంలో ఆ పని మొదలుకావడం యాదృచ్ఛికం కాదు.

నమూనాను యథాతథంగా తెస్తే ఇక్కడ కుదరని చోటు ఒకటుంది. విదేశాల్లో ఒకే మిడ్‌వైఫ్ గర్భం తెలిసిన రోజు నుంచి బాలింత దశ దాకా చూసుకుంటే మామూలు కాన్పులు పెరిగినట్టు తేలింది. మన దగ్గర తొలికాన్పుకు పుట్టింటికి పోవడం ఆచారం. పైగా పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాద్‌కూ బెంగళూరుకూ కూలికి వలస పోయిన జంటలు చాలా. ఆరు నెలలు హైదరాబాద్ మియాపూర్‌లో షెడ్డులో ఉన్న పిల్ల తొమ్మిదో నెలలో బేస్తవారిపేటలో దిగుతుంది. ఇక్కడి నర్సమ్మకు ఆమె కొత్త మనిషి, చేతిలో కాగితాలు కూడా ఉండవు. ఈ ఆచారం పిల్లకు బలం, తల్లి పక్కనుంటుంది. దాన్ని మాన్పించడం కంటే మిడ్‌వైఫ్‌ల మధ్య అప్పగింత ఏర్పరచడం మేలు. అక్కడి మిడ్‌వైఫ్ ఇక్కడి మిడ్‌వైఫ్‌కు ఫోన్ చేసి, ఈ పిల్లకు బీపీ పెరుగుతోంది, చూసుకో అని చెప్పడం. యాప్‌లో అంకెలు ఎక్కించడం దీనికి సహాయమే, కానీ ఆ ఫోన్ మాటకు అది సాటి రాదు.

నల్లమల లోపలి చెంచుగూడేలది ఇంకో లెక్క. ఎర్రగొండపాలెం మండలంలోని పాలుట్ల లాంటి గూడెం పులుల అభయారణ్యం మధ్యలో ఉంది, రోడ్డు వేయాలంటే అటవీ చట్టాలు అడ్డొస్తాయి. వాన పడితే డోలీయే. పార్వతీపురం ఐటీడీఏ 2018లో సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం తెరిచింది. నెలలు నిండే ముందు వచ్చి అక్కడే ఉండి, ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి పోతారు. దోర్నాల, ఎర్రగొండపాలెంలలో అలాంటిది ఉండాలి. అక్కడ మిగతా పిల్లలకూ చోటుండాలి, లేకపోతే తల్లి రాదు. చెంచుల అన్నం, చెంచుల మాట తెలిసిన మనుషులుండాలి. చెంచు ఆడపిల్లల్లోంచే నర్సులూ మిడ్‌వైఫ్‌లూ రావాలన్నది నా ఆశ. గూడెంలో పెద్దామె చేతుల్లో ఉన్న అనుభవాన్ని చిన్నచూపు చూడకుండా, దాని పక్కన మిసోప్రోస్టాల్ మాత్రలనూ కొలత గుడ్డనూ చేర్చగలిగేది ఆ పిల్లే.

ఇదంతా ఎంతమంది మనుషుల పని? లెక్క కష్టం కాదు. వారానికి 168 గంటలు. కాన్పు గదిలో రాత్రింబవళ్ళు ఇద్దరేసి మిడ్‌వైఫ్‌లుండాలంటే 336 గంటల డ్యూటీ. మనిషికి 48 గంటల చొప్పున ఏడుగురు. సెలవులూ, జబ్బులూ, తిరిగి శిక్షణకు వెళ్ళడాలూ కలుపుకుంటే తొమ్మిదిమంది. మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి, ఈ నాలుగు చోట్లకూ కలిపి 36 మంది. కరీంనగర్‌లో మొదటి జట్టులో శిక్షణ పొందినవాళ్ళు 30. శిక్షణ కాలం ఏడాదిన్నర. నాలుగు చోట్లా పక్కనే ఆపరేషన్ గది, మత్తు డాక్టరు, నిల్వ నెత్తురు ఉండాలి. వీళ్ళకు మిడ్‌వైఫ్ అన్న హోదాతో పోస్టులు మంజూరు కావాలి, జీతం ఆ బాధ్యతకు తగ్గట్టుండాలి. సాధారణ బదిలీల్లో కంటి వార్డుకో ఎముకల వార్డుకో పంపకూడదని ఉత్తర్వుల్లోనే రాయాలి.